చప్పుడు చెయ్యని సుత్తి

మా అత్తగారివి పాము చెవులు. గోడకి అవతల నేను ఉలి మీద కొడుతుంటే, ఇవతల కూరలు తరుగుతూనే ఉలి ఎంత లోతు దిగిందో చెప్పేసేది. నాకు ఆ పూట చిరాకుగా ఉందో లేదో కూడా చెప్పేది. "ఏమయ్యా అల్లుడూ, ఆ చెక్క నీకేం అపకారం చేసింది? దాని మీద ఎందుకా కసి?" అని అక్కణ్ణుంచే కేక పెట్టేది. నిజమే, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇరవై రెండేళ్ళపాటు ఆ కోపాన్ని కాచి వడబోసిన మనిషి ఆమె.

మేం చేసేవి శవపేటికలు. ఇంట్లో ఆ మాట ఎవరం అనం. పెట్టె అంటాం. దుకాణం మా మామగారు పెట్టింది. వీధి వైపు పని గది, దాని వెనక రెండు గదులు, మేడ మీద ఇంకో రెండు. నేను వేరేచోట కుర్చీలూ బల్లలూ చేసుకుని బతికేవాణ్ణి, పెళ్ళయ్యాక ఇక్కడ పాతుకుపోయాను. ఇల్లరికపు అల్లుడంటే అలుసే కదా, యజమాని కూతురు గనక మా ఆవిడ మొదటి రోజు నుంచీ నన్ను నువ్వు అనే అంటుంది. మామగారు పోయి పంతొమ్మిదేళ్ళు. ఆయన పోయాక నాకు పని నేర్పింది అత్తగారే.

పలకల చివర్లు పళ్ళలాగా చెక్కి, ఒకదాని పళ్ళు ఇంకోదాని సందుల్లో దిగేలా చేసి మూలలు కలపడం ఆమె ముప్పై ఏళ్ళు చేసిన పని. మా దగ్గర మూలలకి మేకులు కొట్టం. "పోయినవాళ్ళకి చివరిసారి చేసే పని, దానిక్కూడా మేకులు దిగ్గొట్టాలా?" అనేది. ఆ పళ్ళు చెక్కడానికి ఉలి, ఉలి మీద కొట్టడానికి కొడతి. కొడతి అంటే తల కూడా చెక్కే అయిన సుత్తి. ఇనప సుత్తితో కొడితే ఉలి పిడి నాలుగు రోజుల్లో చీలిపోతుంది. కొడతి ఉలిని నొప్పించదు గానీ చప్పుడు మాత్రం గట్టిగా చేస్తుంది. టక్కుమని పడ్డ దెబ్బ ఇంట్లో ప్రతి గదినీ పలకరించి వస్తుంది.

మొన్న వానలు తగ్గిన రోజుల్లో అత్తగారు మెట్ల మీద కూలబడిపోయింది. గుండె పెద్దదైంది, బలం లేదు, ఇక మందులతో కొన్ని నెలలు నెట్టుకురావడమే అని డాక్టరు మమ్మల్ని వరండాలోకి పిలిచి చెప్పాడు. ఆమెకి చెప్పడం, చెప్పకపోవడం మీ ఇష్టం అన్నాడు. మేం చెప్పలేదు. నీరసం, మందులు వేసుకుంటే తగ్గుతుందన్నాం. ఆమె మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "అలాగే" అంది.

మెట్లు ఎక్కకూడదన్నారు గనక మంచం కిందికి దింపాం. కింద ఎండ వచ్చే గది ఒక్కటే, అది పని గదిని ఆనుకునే ఉంది. మధ్యలో ఉన్నది ఒంటి ఇటుక గోడ. ఆమె తలగడకీ నా పని బల్లకీ మధ్య తొమ్మిది అడుగుల దూరం.

రెండు రోజులు చూసి మూడో రోజు మా ఆవిడ నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది.

"నువ్వు కొట్టే ప్రతి దెబ్బా అమ్మ చెవిలో పడుతోంది. పోయిన వాళ్ళ కోసమని తెలుసు. రేపు నాకూ ఇంతే కదా అనుకోదా? ఆ మంచం మీద పడుకుని రోజంతా అదే వినాలా?"

"అయితే దుకాణం మూసేయనా?"

"ఒంటికాలి మీద లేవకు. చప్పుడు చెయ్యని సుత్తులు ఉంటాయట కదా, చూడు. నేనూ వస్తా."

సరేనన్నాను. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. నాకూ ఆ గోడ వైపు చూస్తూ కొట్టాలంటే చెయ్యి ఆడటం లేదు.

పనిముట్ల కొట్టు పెద్దాయన్ని అందరం త్రాసు అంటాం. ఏ వస్తువైనా అరచేతిలో పెట్టుకుని బరువు చెప్పేస్తాడు. నేను నా ఉలీ, ఒక చెక్కముక్కా గుడ్డలో చుట్టుకుని వెళ్ళాను. మా ఆవిడ కొట్టు లోపలికి రాలేదు. గుమ్మం దగ్గర్నుంచి తొమ్మిది అడుగులు లెక్కపెట్టుకుంటూ రోడ్డు మీదికి నడిచి, వచ్చేపోయే సైకిళ్ళ మధ్య మాకు వీపు పెట్టి నిలబడింది. చప్పుడు వినపడితే చెయ్యెత్తాలి, లేకపోతే లేదు. త్రాసు కళ్ళజోడు పైకి నెట్టి ఆమెనీ నన్నూ చూశాడు.

"ఇంట్లో గొడవా?"

"కాదు. మెత్తటి మొహం ఉన్న సుత్తులు ఏమేం ఉన్నాయో అన్నీ బయట పెట్టండి. ఉలి పనికి."

ముందు రబ్బరుది ఇచ్చాడు. ఉలి మీద వేశాను. దెబ్బ చెక్కకి చేరకుండా వెనక్కి ఎగిరి నా మణికట్టుకి తగిలింది. ఉలి ఉన్నచోటే ఉంది. పైగా పిడి మీద నల్లటి మరక. పక్కన పెట్టేశాను. తర్వాత గట్టి ప్లాస్టిక్ మొహం ఉన్నది. దెబ్బ చక్కగా దిగింది, ఉలి మాట వింది, కానీ కొడతి కన్నా గట్టిగా మోగింది. రోడ్డు మీద మా ఆవిడ చెయ్యెత్తింది. మూడోది పచ్చితోలు గట్టిగా చుట్టి చేసింది. చేతికి హాయిగా ఉంది, చప్పుడూ తక్కువే. చెయ్యి సగం లేచింది. నేను ఇంకోసారి కొట్టాను. పూర్తిగా లేచింది.

"ఇదే తీసుకో. తోలు అరిగితే మార్చుకోవచ్చు. ఉలి పనికి దీన్ని మించింది లేదు," అన్నాడు త్రాసు.

"వినపడుతోందండీ. ఇంకేం లేవా?"

ఆయన కింది అర లోంచి ఒక లావుపాటి సుత్తి తీశాడు. తల బోలుగా ఉంటుందట, లోపల సన్నటి సీసపు గుండ్లు పోసి మూసేశారు. ఊపితే ఇసక కదిలినట్టు కదిలాయి. కొట్టాను. సుత్తి పడ్డచోటే ఉండిపోయింది, వెనక్కి ఒక్క వెంట్రుకవాసి కూడా ఎగరలేదు. తలగడ మీద చేత్తో కొట్టినంత చప్పుడైంది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ కొట్టాను. మా ఆవిడ కాసేపు చూసి విసుగ్గా వెనక్కి తిరిగింది.

"ఏంటి, ఎంతసేపు నిలబడాలి? కొట్టవేం?"

నేను ఆ సుత్తిని గుడ్డలో చుట్టబోతే త్రాసు పట్టుకుని ఆపాడు. "ఇది ఉలి పనికి నేనివ్వను. పలకలు బిగించడానికైతే బంగారం. ఉలి మీద కొడితే మాత్రం దెబ్బంతా ఆ గుండ్లే తాగేస్తాయి. చెక్క ఏం చెప్తోందో నీ చేతికి తెలీదు. గీత దాటేస్తావు. పాతికేళ్ళ పనివాడివి, నేను నీకు చెప్పాలా?"

"తెలుసండీ."

"మరి చప్పుడంటే ఎందుకయ్యా అంత పగ?"

చెప్పాను. అత్తగారి సంగతి, మంచం సంగతి, గోడ సంగతి. ఆయన సుత్తి పిడిని తన తువ్వాలుతో తుడిచి, కాగితం చుట్టి, రెండు చేతులతో నాకు అందించాడు.

ఆ రోజు నుంచి పని గదిలో చప్పుడు ఆగింది. రంపం పనీ చిత్రిక పట్టడమూ పెరటి చివర రేకుల షెడ్డులోకి మార్చాను. బల్ల మీద ఉలి పని ఒక్కటే మిగిలింది, దానికి గుండ్ల సుత్తి. కొడుతుంటే కళ్ళకి గంతలు కట్టుకుని నడుస్తున్నట్టుండేది. కొడతితో అయితే ఉలి గీత దగ్గరికి చేరుతున్నకొద్దీ చప్పుడు సన్నబడుతుంది, చెయ్యి దానంతట అదే నెమ్మదిస్తుంది. దీంతో అలాంటిదేమీ లేదు. మొదటి వారంలోనే రెండు చోట్ల గీత దాటాను. ఒక మూలలో సందు పడింది. పల్చటి చెక్కపేడు జిగురుతో అతికించి కప్పెట్టాను. అత్తగారు చూసి ఉంటే నా పరువు తీసేది.

అత్తగారు అడిగితే మా ఆవిడ తడుముకోకుండా అబద్ధం ఆడింది. "పని లేదమ్మా. పెట్టెలు కావాలని ఎవరూ రావడం లేదు."

"మంచిదేగా. ఊళ్ళో అందరూ చల్లగా ఉన్నారన్నమాట," అంది అత్తగారు.

గట్టెక్కాం అనుకున్నాం. రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ చాన్నాళ్ళ తర్వాత నా వైపు చూసి నవ్వింది.

నాలుగైదు రోజులకి నాకు ఏదో తేడాగా అనిపించింది. అదేంటో వెంటనే అంతుపట్టలేదు. తర్వాత తెలిసింది, మా అత్తగారు నన్ను తిట్టడం మానేసింది. చెప్పులతో గుమ్మం దాటినా ఏమీ అనలేదు. టీలో చక్కెర రెండింతలు పడితే, "బాగుంది" అని తాగేసింది. ఒకరోజు మందు ఇస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "నిన్ను చాలా కష్టపెట్టాను బాబూ" అంది. ఇరవై రెండేళ్ళలో ఆమె నన్ను బాబూ అని పిలవడం అదే మొదలు.

"అమ్మ నెమ్మదించింది, చూశావా?" అంది మా ఆవిడ.

"నెమ్మదించడం కాదు. మీ అమ్మ మర్యాదగా మాట్లాడుతోంది. నాకేం నచ్చలేదు."

"తిట్టినా ఏడుపే, తిట్టకపోయినా ఏడుపేనా నీకు?"

అన్నం సగం తగ్గించేసింది. నిద్రపోవడం మానేసింది. డాక్టరు వచ్చి చూసి, గుండె ఎలా ఉందో అలాగే ఉంది, మనిషే దేనికో బెంగపడుతోంది, ఏంటో కనుక్కోండి అన్నాడు. మేం కనుక్కోలేదు. అడిగితే ఎక్కడ ఆమే మమ్మల్ని ఎదురు అడుగుతుందోనని ఇద్దరికీ భయం. ఆ పది రోజులూ ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా ముగ్గురం వానల గురించి మాట్లాడుకున్నాం.

ఒక మధ్యాహ్నం పలకలు తేవడానికి వెళ్ళి తిరిగొచ్చాను. మా ఆవిడ పెరట్లో బట్టలు ఉతుకుతోంది. పని గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల మా అత్తగారు నిలబడి ఉంది.

ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుంది. ఆయాసానికి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. రెండో చేతిలో నా టేపు ఉంది. బల్ల మీద సగం అయిన పెట్టె. రెండు వీధుల అవతల పొడుగు పోస్టుమాను ముందురోజు పోయాడు, ఆయనది. ఆమె టేపు ఆ పెట్టెకి ఆనించి, మళ్ళీ తన వైపు చూసుకుని, మళ్ళీ పెట్టెకి ఆనిస్తోంది. నేను చేతిలో పలకలు వదిలేశాను.

"ఏమయ్యా, నాకింత పొడుగెందుకు?" అంది. "నేను అయిదడుగులు కూడా లేను. ఇందులో నన్ను పెడితే మోసేటప్పుడు అటూ ఇటూ జారుతుంటాను. చెక్క దండగ."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక వెళ్ళి ఆమె భుజం పట్టుకున్నాను.

"అత్తయ్యా, ఇది మీది కాదు."

"పోనీలే. తెలిసిపోయింది, ఇంకా ఎందుకు?"

"కాదంటే కాదు! పోస్టుమానుది. ఆరడుగుల రెండంగుళాలు. నిన్న పోయాడు. కావాలంటే కొలతల కాగితం చూడండి, ఆయన కొడుకు రాసిచ్చింది."

కాగితం ఇచ్చాను. దూరంగా పట్టుకుని చదివింది. చదివి, పని గదిలో మా మామగారు కూర్చునే పీట మీద కూలబడింది. నేను నేల మీదే కూర్చున్నాను. ఆయాసం కాస్త సర్దుకోనిచ్చింది. నా పేరు పెట్టి కాదు, కొడుకుని పిలిచినట్టు కాదు, మామూలుగా నన్ను పిలిచే గొంతుతోనే అడిగింది.

"మరి చప్పుడు ఎందుకు దాచావయ్యా?"

"మీరు వినకూడదని. వింటే బాధపడతారని."

"నేను బాధపడతానని ఎవరు చెప్పారు నీకు, నా కూతురా?" ఆమె వంగి నా ముంజేతిని చూపించింది. వెంట్రుకల్లో తెల్లగా చెక్కపొడి ఉంది. "రోజూ ఇలా పొడి కొట్టుకుని లోపలికొస్తావు. ఒళ్ళంతా చెక్క వాసన. పని లేదంటారు. చప్పుడు రాదు. ఈ ఇంట్లో చప్పుడు చెయ్యకుండా పెట్టె చేశారంటే అది ఎవరిదవుతుంది?"

"ఎవరిదవుతుంది?"

"ఇంట్లోవాళ్ళది," అంది.

మామగారి సంగతి అప్పుడు చెప్పింది. ఆయన మంచాన పడ్డప్పుడు నేను ఊళ్ళో లేను, ఒక బడికి బల్లలు చెయ్యడానికి మూడు వారాలు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. ఆయన పెట్టె ఎవరు చేశారని నేనెప్పుడూ అడగలేదు. దుకాణంలో సిద్ధంగా ఉన్నదేదో వాడి ఉంటారనుకున్నాను.

"నేనే చేశాను," అంది. "కొడతికి పాత కంబళి చుట్టుకుని, ఇదే బల్ల మీద. ఆయన ఇప్పుడు నేనున్న గదిలోనే ఉన్నారు. నా కూతురు ఆయన పక్కనే కూర్చుంది, దానికేం వినపడలేదు. నాలుగు రోజులు చేశాను. ఆయనకీ వినపడలేదనే అనుకున్నాను. నాలుగో రోజు సాయంత్రం చేతులు కడుక్కుని వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆయన నా చెయ్యి తీసుకుని, గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న చెక్కపొడి తీశారు. ఒక్కొక్క గోరూ. పదీ తీశారు. ఏమీ అనలేదు."

"మీరు?"

"నేనూ ఏమీ అనలేదు. ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకు తెలుసు. ఇద్దరం నోరు విప్పలేదు. మర్నాడు పోయారు. ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసి, ఆఖరికి దొంగల్లాగా విడిపోయాం." ఆమె కళ్ళు తుడుచుకోలేదు. "నేను పెట్టెకి భయపడతానటయ్యా? నేను చేసినన్ని పెట్టెలు నువ్వు చూసి కూడా ఉండవు. చప్పుడు లేకపోతే భయం నాకు. మీ ఇద్దరూ గోడ అవతల నాకు తెలీకుండా ఏదో చేస్తున్నారంటే, అదీ భయం."

మా ఆవిడ ఎప్పుడు వచ్చిందో తెలీదు. తడి చేతులతో గుమ్మంలో నిలబడి అంతా వింది. వచ్చి తల్లి ఒళ్ళో మొహం పెట్టి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే డాక్టరు చెప్పిన మాట మొత్తం చెప్పేసింది. అత్తగారు ఆమె జుట్టు నిమురుతూ విన్నది.

"ఎన్ని నెలలన్నాడు?"

"మూడు. నాలుగు కావచ్చన్నాడు."

"ఈ మాట వరండాలో నిలబడి చెవులు కొరుక్కోకుండా నాతోనే చెప్పి ఉంటే ఏం పోయేది?" అని, పెట్టె వైపు తిరిగింది. వేలితో ఒక మూల తడిమి చూసింది. "ఏంటిది? ఈ మూల నోరు తెరుచుకుని నా వంక చూస్తోంది. దేంతో కొట్టావు?"

గుండ్ల సుత్తి చూపించాను. చేత్తో ఊపి చూసి, లోపల గుండ్లు కదిలితే మొహం చిట్లించింది. "పలకలు బిగించడానికి దాచుకో. ఉలి మీద దీంతో కొట్టేవాడిని అల్లుడని చెప్పుకోలేను. ఈ మూల విప్పి మళ్ళీ చెయ్యి. పాపం పోస్టుమాను, ఎండలో వానలో తిరిగిన మనిషి."

తిట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆమెను ఎత్తుకుని వెళ్ళి మంచం మీద పడుకోబెట్టాం. అప్పుడు ఇంకో మాట అంది. "నాది కూడా చేసెయ్యి. ఇప్పుడే, నేను వింటుండగా. కొడతితో."

నేను చెయ్యనన్నాను. గట్టిగానే అన్నాను. మీరుండగా మీ పెట్టెకి చెక్క కొయ్యడం నా వల్ల కాదు, నన్ను చంపినా కాదు, ఇలాంటివి అడగడానికి మీకు మనసెలా వచ్చిందని అరిచాను. ఆమె నేను అరవడం పూర్తయ్యేదాకా ఆగింది.

"నేను పోయాక చేస్తే మీ ఇద్దరూ ఏడుస్తూ చేస్తారు. గీతలు దాటేస్తావు. తప్పులుంటే చెప్పడానికి నేనుండను. నా మూలల్లో సందులు పడితే నేనొప్పుకోను."

వారం రోజులు నేను ఎడమొహం పెడమొహంగా తిరిగాను. ఎనిమిదో రోజు పొద్దున్నే లేచి, మంచి పలకలు ఏరి, ఆమె గదిలోకి తీసుకెళ్ళి చూపించాను. ఒకటి వద్దంది, ముడి ఉందని. మిగతావి సరే అంది. అయిదడుగుల నాలుగంగుళాలు చాలంది, అంతకు మించి కాలివేళ్ళు కదపడానికి ఖాళీ ఎందుకని నవ్వింది. మా ఆవిడ నవ్వలేకపోయింది. కానీ బయటికి వెళ్ళిపోలేదు, అక్కడే కూర్చుని టేపు రెండో చివర పట్టుకుంది.

మధ్య తలుపు తెరిచిపెట్టి కొడతి అందుకున్నాను. మొదటి దెబ్బ పక్కకి పడింది. "నిద్రలో కొడుతున్నావా?" అని గోడ అవతల్నుంచి వినపడింది. పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ ఆమె తిడుతూనే ఉంది. వాలుగా పెట్టావు, ఉలికి పదును పోయింది, ఆ పన్ను ఇంకో పిసరు లోతు దిగాలి, వెనక్కి తిప్పి ఇంకో వైపు నుంచి కొట్టు. అన్నిసార్లూ ఆమె చెప్పిందే నిజం. మూలలు నాలుగూ ఎంత బిగుతుగా కుదిరాయంటే జిగురు పెట్టాల్సిన పనే రాలేదు. పూర్తయ్యాక మేమిద్దరం మోసుకెళ్ళి మంచం పక్కన పెట్టాం. చెయ్యి చాపి నాలుగు మూలలూ గోటితో గీకి చూసింది.

"పర్లేదు. పనివాడివే," అంది.

ఆ మాట కోసం నేను ఇరవై రెండేళ్ళు పనిచేశాను. ఆమె ముందు ఏడవకూడదని చెక్కపొట్టు ఊడవడానికి వెళ్ళిపోయాను.

తర్వాత రోజులు బాగా గడిచాయి. ఆమె అన్నం తింది, నిద్రపోయింది. కొడతి చప్పుడు వింటూ నిద్రపోయేది, ఎవరిదని అడిగి మరీ నిద్రపోయేది. ఎవరిదో మేం చెప్పేవాళ్ళం. తెలిసినవాళ్ళైతే రెండు మాటలు వాళ్ళ గురించి చెప్పి కళ్ళు మూసుకునేది. సాయంత్రాలు ముగ్గురం మాట్లాడుకునేవాళ్ళం. మామగారి గురించి చెప్పేది. తాను పోయాక నేను మా ఆవిడ మీద అరిస్తే ఊరుకోనని బెదిరించేది. ఊరుకోక ఏం చేస్తారని నేను అడిగేవాణ్ణి.

ఆమె పోయింది మంగళవారం పొద్దున పదకొండు గంటలప్పుడు. నేను ఎవరో ముసలాయన పెట్టెకి మూడో మూల చెక్కుతున్నాను. మా ఆవిడ వచ్చి మధ్య తలుపు దగ్గర నిలబడింది. నేను చెక్కుతున్న పన్ను పూర్తి చేసి, పొడి ఊదేదాకా నిలబడే ఉంది. తలెత్తి ఆమె మొహం చూశాను.

"అమ్మ పోయింది."

"ఎప్పుడు?"

"అరగంటైంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. కొడతి బల్ల మీద విసిరేశాను. "అరగంటా? ఒక్క గోడ అవతల ఉన్నాను. ఒక్క కేక వేస్తే వచ్చేవాణ్ణి. నాకు మాత్రం ఆమె ఏమీ కాదా? ఎందుకు పిలవలేదు?"

ఆమె నన్ను అరవనిచ్చింది. అచ్చం వాళ్ళమ్మలాగే నా అరుపు అయిపోయేదాకా ఆగింది.

"పొద్దున్నుంచీ ఊపిరి సరిగ్గా అందలేదు. కళ్ళు మూసుకుని, నీ దెబ్బకి తగ్గట్టు నా అరచేతిలో వేలితో కొడుతూ పడుకుంది. మధ్యలో నువ్వు ఒకసారి ఆపావు."

నీళ్ళు తాగడానికి ఆగాను. నాకు గుర్తుంది.

"నువ్వు ఆపగానే కళ్ళు తెరిచింది. గోడ వైపు చూసి నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. భయపడింది. మళ్ళీ నువ్వు మొదలుపెట్టాక వదులు చేసింది. నిన్ను పిలుద్దామనుకున్నాను, నోటిదాకా వచ్చింది. పిలిస్తే నువ్వు ఆపేసి వస్తావు కదా. అందుకని పిలవలేదు. నువ్వు కొడుతుండగానే వెళ్ళిపోయింది."

నేను లోపలికి వెళ్ళాను. ఆమె మొహం మామూలుగా ఉంది. చెయ్యి పట్టుకుంటే ఇంకా కాస్త వెచ్చగానే ఉంది. పక్కన కూర్చుని, చెప్పాలనుకున్నదేదో వెతుక్కున్నాను. మేం అన్నీ ముందే మాట్లాడేసుకున్నాం, కొత్తగా ఏమీ దొరకలేదు.

"పోయాక కూడా అరగంట ఎందుకు రాలేదు?" అని మా ఆవిణ్ణి అడిగాను. ఈసారి అరవలేదు.

"అయిపోయాక కూడా నిన్ను ఆపబుద్ధి కాలేదు. నాకూ వినాలనిపించింది," అంది. మంచం అంచున కూర్చుని తల్లి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "ఎవరికైనా కబురు పెట్టేముందు ఇంకాస్సేపు కొడతావా? నేనిక్కడ కూర్చుంటాను."

నేను పని గదిలోకి వచ్చి, మధ్య తలుపు తెరిచిపెట్టి, కొడతి తీసుకుని నాలుగో మూల మొదలుపెట్టాను.